ఆ తొట్టెలో నేను కలిపిన సోడా

కాలేజీ ప్రయోగశాలలో పరీక్షనాళికలోని ద్రవం పసుపు నుంచి ఆకుపచ్చకూ, ఆకుపచ్చ నుంచి నీలానికీ మారగానే పిల్లలు "మేడమ్, నీలం వచ్చేసింది!" అని సంబరంగా అరుస్తారు. మంచిది, రాసుకోండి అంటాను. నాచు పట్టిన నీటి వాసన ముక్కుకు తగులుతుంది. మా ల్యాబ్‌లో నాచు ఎక్కడుంది? ఆ వాసన విజయనగరంలో పైడిరాజు బాబాయ్ ముందుగదిలోది.

ఆయన నాకు బంధువేమీ కాదు. కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఆయన ఇంటి మేడ మీద వాటాలో అద్దెకు దిగాను, అంతే. ఆయనది సాలూరు, లారీ డ్రైవరు. ఘాట్ రోడ్డులో లారీ బోల్తా పడి ఎడమ మోకాలు బిగుసుకుపోయాక స్టీరింగు వదిలేశారు. భార్య అంతకుముందే పోయింది. ఒక్కగానొక్క కూతురు రాజేశ్వరి పలాసలో కాపురం చేసుకుంటోంది. ఇక ఆయనకు మిగిలింది గది గోడంత పొడవున్న గాజుతొట్టె, అందులో పసుపుపచ్చని సిక్లిడ్ చేపలు.

ఆ చేపల పుట్టిల్లు ఆఫ్రికాలో ఒక రాళ్ల సరస్సు. వాటికి సున్నం దండిగా ఉన్న క్షారజలం కావాలి. పీహెచ్ ఎనిమిదికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. పాత స్నేహితులు లారీల్లో తెచ్చిచ్చిన రాళ్ల మీద బాబాయ్ బ్యాటరీ యాసిడ్ చుక్క వేసేవారు. బుస్సుమని నురగ వస్తే అది సున్నపురాయి. దాన్ని పదిసార్లు కడిగి తొట్టెలో పెట్టేవారు. నీళ్లు మార్చే రోజున కొత్త నీటిని సెలైన్ గొట్టంతో చుక్కచుక్కగా వదిలేవారు. నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద ఆ చుక్కల్నే చూస్తూ పడుకున్నారట, అక్కడే తట్టిందట ఈ ఉపాయం.

నాకు నవ్వొచ్చింది. "ఇంత అవస్థ ఎందుకు బాబాయ్? చెంచాడు వంటసోడా వేస్తే నిమిషంలో పీహెచ్ పెరుగుతుంది."

"మేస్టారమ్మా, ఘాటీ దిగినప్పుడు ఒక్కసారే బ్రేకు తొక్కితే ఏటవుతాది?"

"బోల్తా పడుతుంది."

"పడ్డాను కదేటి! సేపకీ అంతే. నువ్వు నంబరు సూడకు పాపా, దాని మొప్పలు సూడు. నెమ్మదిగా ఆడతన్నాయంటే నీల్లు బాగున్నట్టే."

ఆదివారాలు వరండాలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకు పాఠం చెప్పేదాన్ని. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఒకరోజు ఒక పిల్లను ఏడిపించేదాకా తిట్టాను. లోపలి నుంచి బాబాయ్ కుంటుకుంటూ వచ్చి, "ఏటే పాపా, అంతా ఒక్కపాలే కుమ్మరించేత్తన్నావు? దాని నోరు సూడు, గట్టునపడ్డ సేపలాగ కొట్టుకుంటన్నాది. ఊపిరి తీసుకోనీ," అన్నారు. పిల్లలు పక్కున నవ్వారు, ఏడుస్తున్న పిల్లతో సహా. ఈ రోజు నన్ను మంచి టీచరని ఎవరైనా అంటే, అందులో సగం ఆ మాట పుణ్యమే.

రాజేశ్వరికి కొడుకు పుట్టాడు. బారసాలకు రమ్మని ఫోను. బాబాయ్ వెళ్లనన్నారు. తొట్టెలో ఒక తల్లిచేప నోట్లో గుడ్లు పెట్టుకుని ఉంది. ఈ జాతి ఆడచేప మూడు వారాలపాటు తిండి మానేసి, పిల్లల్ని నోట్లోనే దాచి పెంచుతుంది. దాన్ని వదిలి ఎలా వెళ్లడం? నేనే సర్దిచెప్పాను, రెండు రోజులే కదా, నేను చూసుకుంటాను అని.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "కరెంటు పోతే మేత ఎయ్యకు. మగ్గుతో నీల్లు ముంచి పైనుంచి పొయ్యి, గాలి తగుల్తాది. ఇంకేటీ కలపకు. నీ పరీచ్చలో రంగు మారినా సరే, నానొచ్చేదాకా ముట్టుకోకు."

ఆ మర్నాడే తుఫాను. చెట్లు విరిగి రోడ్లకు అడ్డం పడ్డాయి, స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. బాబాయ్ పలాసలో చిక్కుకుపోయారు. కరెంటు లేక ఫిల్టరు ఆగిపోయింది. మూడు రోజులు మగ్గుతో పోస్తూనే ఉన్నాను, చేతులు పడిపోయాయి. నాలుగోనాటి పొద్దున్న నాళికలో సూచిక చుక్కలు వేసి నీటిని పరీక్ష చేశాను. పసుపు తిరిగింది. పీహెచ్ ఏడు కంటే కిందికి పడిపోయింది. చేపలు నీరసంగా ఉన్నాయి, కానీ బతికే ఉన్నాయి.

నేనాగానా? ఎమ్మెస్సీ చదివినదాన్ని కదా! లెక్క కట్టి, తూచి, సోడా కలిపి ఒకేసారి పోశాను. రంగు నీలానికి తిరిగింది. అమ్మయ్య అనుకున్నాను. గంట తిరక్కుండానే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి కొట్టుకున్నాయి, పక్కకు వాలి గిరగిరా తిరిగాయి. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. ఫిల్టరు ఆగాక చేపల మలినం నుంచి పుట్టిన అమోనియా అంతా ఆ నీళ్లలోనే ఉంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ దానికి విషం తక్కువ. పెంచగానే అది విషమై కూర్చుంది. ఏటేటా బోర్డు మీద ఆ సమీకరణం రాసేది నేనే. తల్లిచేప నోట్లోంచి పిల్లలు జారి రాళ్ల మీద పడ్డాయి. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు.

ఆ సాయంత్రం బాబాయ్ సగం దూరం వ్యానులో, సగం దూరం నడిచి వచ్చారు. తొట్టె ముందు నేల మీద కూలబడ్డారు. గాజు మీద చెయ్యి ఆనించి, "ఏటైనా కలిపావేటి పాపా?" అని అడిగారు.

"లేదు బాబాయ్. కరెంటు లేక పోయాయి," అన్నాను.

నమ్మేశారు. అదే నన్ను చంపింది. "నీ తప్పేటున్నాది? ఎల్లినోడిది తప్పు. నానుంటే బతికీవి," అని ఆ కాయలు కాసిన చేత్తో నా తల నిమిరారు. చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని గుండె కొట్టుకుంది. చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రాలేదు. తొట్టె ఖాళీ చేసి ఎవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత ఆయన గడప దాటడమే మానేశారు. ఎవరు పిలిచినా, "ఒకపాలి ఎల్లి సూసినాను కదా," అనేవారు. రెండేళ్లకు నిద్రలోనే పోయారు.

దినం రోజున రాజేశ్వరి వరండాలో నా పక్కన కూర్చుంది. "నాదే పాపం అక్కా. రానన్నోడిని ఫోన్లో ఏడిసి రప్పించుకున్నాను. మల్లీ మా ఇంటికి రానేదు. నా రెండో పిల్లని కల్లారా సూడకుండానే ఎల్లిపోనాడు," అంది.

"ఊరుకో రాజేశ్వరీ, నీ తప్పేం లేదు," అన్నాను. తప్పు ఎవరిదో అప్పుడైనా నోరు విప్పి చెప్పలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "నాన్న నీ గురించే సెప్పీవోడు అక్కా. ఆ పాప మూడ్రోజులు సేతులు పడిపోయేలాగ నీల్లు పోసింది, సొంత కూతురైనా అంత సెయ్యదు అనీవోడు."

ఆ మాట కూడా పుచ్చుకున్నాను. ఇప్పటికీ ఆమె పలాస నుంచి అప్పుడప్పుడూ ఫోన్ చేసి, బాగున్నావా అక్కా అంటుంది. బాగున్నానమ్మా అంటాను.