తొమ్మిది ఖాళీ డబ్బాలు

మొన్న ఆదివారం పొద్దున మా మేనకోడలు తన కొత్త కరెంటు కారును మా సెల్లారులో ఛార్జింగుకు పెట్టి, పక్కనే ఉన్న నా ముసలి స్పోర్ట్స్ కారు వెనక గోడ మేకుకు వేలాడుతున్న పాలు కొలిచే లీటరు కొలతను చూసి, ఇదెందుకత్తా ఇక్కడ అని అడిగింది. తన కారుకు ఆయిలు మార్చే పనే లేదట. అదృష్టవంతురాలే గానీ, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త జాలి కూడా వేసింది.

నా కారు నేను కొన్ననాటికే పాతది. హైటెక్ సిటీలో మా ఆఫీసు పెద్దాయన ఒకరు దానిమీద మోజుపడి కొని, నేలకు జానెడెత్తున ఉండే సీట్లోంచి లేవడానికి మోకాళ్ళు మొరాయించి, చవగ్గా అమ్మేస్తానంటే, చీర కట్టుకుని ఆఫీసుకెళ్ళే ముప్పై అయిదేళ్ళ నేను ఇంట్లో మాటమాత్రమైనా చెప్పకుండా బయానా ఇచ్చేశాను. ఇద్దరే పట్టే కారు, ఇంజను వెనకాల, డిక్కీ ముందు. మావారు మొదటిసారి ముందు మూత ఎత్తి చూసి, ఇంజనెక్కడ, అమ్మినాయన పీక్కుపోయాడా అని కంగారుపడిన సంగతి మా బంధువులు ఈనాటికీ చెప్పుకుని నవ్వుతారు.

కొనడం తేలికే, దాని ఆకలి తీర్చడమే కష్టమైంది. మామూలు కారుకు మూడు నాలుగు లీటర్ల ఆయిలు చాలు, దీనికి తొమ్మిది లీటర్లు కావాలి. అలాంటి కార్లు చూసే పెద్ద సర్వీసు సెంటరులో ఆరు నెలలకోసారి ఆయిలు మార్పిస్తే మా ఇంటి రెండు నెలల అద్దె ఎగిరిపోయేది. నీ కారు ఆయిలు కాదు, నెయ్యి తాగుతోంది అని మావారు ఆటపట్టించేవారు. సొంత ఫ్లాటుకు బయానా కట్టాల్సిన రోజులొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. ఈసారి కూడా అంత బిల్లయితే కారు అమ్మెయ్యాల్సిందే అన్నారు, సరేనన్నాను. ఆదివారం చూడడానికి వస్తానని బంజారాహిల్స్ నుంచి ఒకాయన కబురు కూడా పెట్టాడు. ఆ వారమంతా రోజూ పొద్దున్నే కిందికి దిగి కారు తుడిచాను.

ఇక్కడ నీళ్ళ ట్యాంకరు గురించి చెప్పాలి. అప్పట్లో మా అపార్టుమెంటుకు నీళ్ళు ట్రాక్టరు మీద వచ్చేవి. అంతకుముందొకసారి ఆ ట్రాక్టరు మా గేటులోనే మొండికేస్తే, బాగుచెయ్యడానికి గోపన్‌పల్లి నుంచి అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన వచ్చాడు. ఆయన పాత ఆయిలు బేసినులోకి దింపి, పాల కొలతతో లీటరు లీటరుగా కొలిచి ఓనరుకు చూపించి, తర్వాత కొత్తది పోసి, ఖాళీ డబ్బాలు ఓనరు చేతికే ఇచ్చాడు. మెకానిక్కులు ఆయిలు మిగుల్చుకుంటారన్న మాట పడకుండా వాళ్ళ గురువు పెట్టిన పద్ధతట అది. ఆ మనిషి గుర్తొచ్చి, శనివారం పొద్దున్నే లింగంపల్లిలో తొమ్మిది లీటర్ల ఆయిలు కొనుక్కుని ఆయన రేకుల షెడ్డుకు వెళ్ళాను. సర్వీసు సెంటరు బిల్లులో మూడో వంతు కూడా కాలేదు.

ఆయన ఇంజను కింది బోల్టు విప్పి, కొలిచి, పాత బిల్లు అడిగి చూసి, లేచి నిలబడ్డాడు. "అయిదే వచ్చినయ్ మేడం. బిల్లుల తొమ్మిది పోసినమని ఉంది. మిగిలిన నాలుగు లీటర్లు యాడున్నయో తెల్వందే నేనైతే కొత్తది చుక్క పొయ్య."

మళ్ళీ కారు కిందికి దూరి, గంటసేపు వెతికి, వెనక చక్రం చాటున ఇంకో ఆయిలు ట్యాంకు ఉందని పట్టుకున్నాడు. దాని బోల్టు మీద పాత రంగు, ఎండిన మట్టి చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంటే సర్వీసు సెంటరు వాళ్ళు అయిదు దింపి, అయిదు పోసి, తొమ్మిదికి డబ్బు పుచ్చుకున్నారన్నమాట, నిజంగా తొమ్మిదీ పోసి ఉంటే ఆయిలు పొంగి పొర్లేది కదా. విప్పెయ్యమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేనిప్పితే రేపు నా మీదికొస్తది బిడ్డా. పైసలు తీసుకున్నోళ్ళతోనే ఇప్పియ్యి."

పాత ఆయిలే గుడ్డలో వడకట్టి తిరిగి పోసి, పాల కొలత నా చేతికిచ్చి పంపాడు. నాకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ మధ్యాహ్నం సర్వీసు సెంటరు మేనేజరుతో దాదాపు గుసగుసగా మాట్లాడాను. కారు పైకెత్తించి, మూడేళ్ళ బిల్లులు ఆయన చేతిలో పెట్టి, ఆ రెండో బోల్టు నా ఎదుట విప్పించమన్నాను. అది కదలడానికి ఇద్దరు మనుషులు, ఒక ఇనప గొట్టం కావాల్సి వచ్చాయి. దిగిన నాలుగు లీటర్లూ పాల కొలతతో నేనే కొలిచాను. అప్పటిదాకా ఇంగ్లీషులో బుకాయించిన మేనేజరు తెలుగులోకి దిగాడు. పాత బిల్లుల్లో పొయ్యని ఆయిలుకు తీసుకున్న డబ్బంతా తిరిగిచ్చి, మిగతా పాత ఆయిలు కూడా దింపేసి, ఆ రోజు తొమ్మిది లీటర్లూ తమ ఖర్చుతోనే పోశారు. ఖాళీ డబ్బాలు నావని చెప్పి డిక్కీలో వేయించుకున్నాను.

ఇంటికొచ్చి తొమ్మిది డబ్బాలూ భోజనాల బల్ల మీద వరసగా నిలబెట్టి, పక్కన డబ్బు పెట్టి, జరిగిందంతా చెప్పాను. మావారు ఒక్కో డబ్బా ఎత్తి, తిరగేసి చూసి, ఫోను తీసి బంజారాహిల్స్ ఆయనకు రావద్దని చెప్పారు. జీవితంలో నాకు ప్రమోషన్లు వచ్చాయి, సన్మానాలు కూడా జరిగాయి గానీ, అంత గర్వం ఇంకెప్పుడూ కలగలేదు. లింగంపల్లిలో కొన్న ఆయిలు తర్వాతిసారి ఉస్తాదే పోశాడు, ఆపైన బోల్టులు విప్పడం నాకూ నేర్పాడు. కొలత తిరిగివ్వబోతే ఉంచుకోమన్నాడు.

ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది, ఆ షెడ్డున్న చోట ఇప్పుడో అపార్టుమెంటు గేటు ఉంది. బిల్లులు ఫోనుకే వస్తున్నాయి, ఖాళీ డబ్బాలు చూపించమని అడిగితే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. మనం అడగడం మానేశామో, వాళ్ళు చూపించడం మానేశారో నాకు తెలియదు గానీ, కొలిచి చూపించి నమ్మమన్న ఆ మనిషి మీద బెంగగా ఉంటుంది. నాకు కారమ్మిన ఆఫీసు పెద్దాయన మోకాళ్ళు ఇప్పుడు నాకొచ్చాయి, కారు కిందికి దూరలేను. ఇదంతా విని, వచ్చే ఆదివారం బోల్టులు తను విప్పుతానంది మేనకోడలు. సరేనన్నాను, కొలత మాత్రం నా చేతిలోనే ఉంటుంది.