మా పూచీ మీద బొజ్జన్నకొండ

డెబ్బై దాటినవాళ్లు కొండ యాత్రకు రావాలంటే ఇంట్లోవాళ్లెవరైనా పూచీపడుతూ సంతకం చేసిన కాగితం తేవాలని ట్రావెల్స్ వాళ్లు ఫోన్లో చెప్పారు. సరిగా వినలేదేమోనని రెండోసారి అడిగాను. సరిగానే విన్నాను.

నేను స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్సు షిఫ్ట్ ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. ఏ యంత్రాన్ని ఆపాలి, అందులోకి ఎవరు దిగాలి, మళ్లీ ఎప్పుడు తిప్పాలి అనే కాగితాల మీద ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నా సంతకం ఉండేది. అది చూసుకుని మనుషులు యంత్రాల లోపలికి దిగేవారు. ఇప్పుడు నేను కూర్మన్నపాలెంలో బస్సెక్కి అనకాపల్లి దాకా వెళ్లి రావడానికి మా అబ్బాయి హామీ ఉండాలి.

మా వాడు అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, అక్కడికి దగ్గర్లోనే అద్దెకుంటాడు. ఆదివారం వచ్చినప్పుడు రెండు కాగితాలూ వాడి ముందు పెట్టాను. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. చదివి టీపాయ్ మీద బోర్లా పెట్టాడు.

"ఏటిది నాన్నా? మీకేటైనా అయితే బాజ్జెత నాదని రాసుంది. నాను సంతకం ఎట్టను."

"ఎట్టకు."

"అమ్మకి మోకాళ్లు, మీకు ఆయాసం. అక్కడేటుంది మరి? టీవీలో యూట్యూబ్ ఎడతాను, డ్రోన్లతో తీసిన వీడియోలున్నాయి. నడిచెళ్లినా అంత బాగా అగుపడదు."

వాడు మా మంచికే అన్నాడు. అందుకే నాకు ఒళ్లు మండింది. కోపంతో కాదన్నవాడితో పోట్లాడి గెలవొచ్చు గానీ, దుప్పటి కప్పి పడుకోమనేవాడితో ఏం పోట్లాడతాం?

వాడు వెళ్లాక పెన్ను తీశాను. పూచీ పడేవారి పేరు అన్నచోట నా పేరు రాశాను. యాత్రికుడికి ఏమవుతారు అన్నచోట 'నేనే' అని రాశాను. మా ఆవిడ కాగితం మీద భర్తననే హోదాలో నేనే సంతకం చేశాను. ఆవిడని అడగలేదు. వంటింట్లో ఉంది, పని పాడుచేయడం ఎందుకనుకున్నాను. ఆ రాత్రి డైరీలో "బొజ్జన్నకొండ యాత్రకు కాగితాలు పూర్తి" అని ఒక్క వాక్యం రాసి పడుకున్నాను.

ఆ కొండ మీద నాకు చాలా కాలంగా మనసుంది. కొండను తొలిచి చేసిన బౌద్ధ గుహలు, ఇటుక స్థూపాలు. మాకు ఎంతో దూరం కూడా కాదు. పాత డైరీల్లో ఎన్నో ఏళ్ల జనవరి పేజీల మీద, ఆ ఏడాది చేయాల్సిన పనుల్లో ఇదీ ఉండేది. షిఫ్టులు, రిపేర్లకు యంత్రాలు ఆపేసే షట్‌డౌన్లు, ఎవరో ఒకరి పెళ్లి, ఏదో ఒకటి అడ్డుపడేది. రిటైరయ్యాక తీరిక వచ్చేసరికి వద్దనేవాళ్లు తయారయ్యారు.

బయల్దేరే రోజు చీకటితోనే హైవే మీద నిలబడ్డాం. పొద్దుటి ఎ షిఫ్ట్‌కి పోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి ప్లాంటు గేటు వైపు తిరుగుతున్నాయి. మా బస్సు సిటీలో బీచ్ దగ్గర మొదలై వన్ టౌన్ మీదుగా వచ్చింది. అందులో ఎక్కువమంది కుర్రకారు. మా వెనక సీట్లో మాత్రం మా ఈడు ముస్లిం పెద్దాయన ఒకరున్నారు. వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టు నడిపి, ఇప్పుడు కొడుకులకు అప్పగించేశారట. ఆయన కాగితం మీద కొడుకే సంతకం చేశాడట.

"సంతోషంగా పెట్టాడు భాయ్‌సాబ్. ఒకరోజు కొట్లో నా నస ఉండదని," అన్నారాయన.

గైడు ముప్పై లోపు అమ్మాయి. మేం ఎక్కగానే కాగితాలు తీసుకుని, చదవకుండానే ఫైల్లో పెట్టేసుకుంది. మైకు పట్టుకుని చక్కగా మాట్లాడుతోంది. ఎండ ముదరక ముందే దిగిపోవాలి కాబట్టి పొద్దున్నే తెచ్చామని, ఎవరూ వెనకబడొద్దని దారిపొడవునా చెప్పింది.

కొండ కింద బస్సు ఆగేసరికి తెలతెలవారుతోంది. డిక్కీలోంచి మూడు ప్లాస్టిక్ కుర్చీలు దించారు. సూర్యుడు కళ్లల్లో పడకూడదని కాబోలు, కొండకు వీపు పెట్టి వేశారు.

"సీనియర్స్ ముగ్గురూ ఇక్కడ కూర్చోండి అంకుల్. టిఫిన్ ప్యాకెట్లు ఇచ్చేస్తాను. మేం పైకెళ్లి వచ్చేస్తాం."

"అమ్మా, నాను కుర్సీలో కూకోడానికి సీకట్లో లేసి రాలేదు. కాగితం ఇచ్చాను కదా."

"కాగితం బస్సెక్కడానికి అంకుల్, కొండెక్కడానికి కాదు. మెట్లు హైట్ ఎక్కువ. మీకేమైనా అయితే నా జాబ్ పోతుంది. పోయినసారి ఒక ఆంటీ సగంలో కూర్చుండిపోయారు. అందరూ నన్నే తిట్టారు. ఇంకో మాట, మేం దిగగానే బస్సు పక్కనున్న లింగాలకొండ వైపు తిప్పేస్తాం. మీరు రాలేదని ఆగదు."

ఆ అమ్మాయి భయం అబద్ధం కాదు. కానీ ఆ కుర్చీలో ఒకసారి కూర్చుంటే ఇక ప్రతిచోటా నాకోసం ఒక కుర్చీ వేసి ఉంచుతారు. అది నాకు స్పష్టంగా కనబడింది. ఇవాళ ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కను.

బస్సు ఆగదన్న మాటకు మాత్రం నా దగ్గర ఒక పద్ధతి ఉంది.

ప్లాంటులో ముడిసరుకును మోసే కన్వేయర్ బెల్టు లోపలికి మనిషి దిగాలంటే ముందు కరెంటు తీసేస్తారు. దిగేవాడు ఆ స్విచ్చికి తన పేరున్న ట్యాగు కడతాడు. లోపల మనిషి ఉన్నాడని దాని అర్థం. ఐదుగురు దిగితే ఐదు ట్యాగులు, ఎవరిది వాళ్లే కట్టాలి. పని అయ్యాక ఎవరు కట్టారో వాళ్లే బయటికి వచ్చి విప్పాలి. వాడి తరఫున వాడి మేస్త్రీ విప్పకూడదు, నేను విప్పకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా విప్పకూడదు. అది అక్కడున్నంతసేపూ యంత్రం తిరగదు.

నేను బస్సులోకి తిరిగి ఎక్కి, భుజం మీది తువ్వాలు తీసి స్టీరింగుకు ముడేశాను. డ్రైవరు సీట్లో టీ తాగుతున్నాడు.

"ఏటి సార్ ఇది?"

"ట్యాగు. నాను కొండ మీదున్నానని."

అతను నా ముఖం చూశాడు, తువ్వాలు చూశాడు. స్టీరింగు మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏ డిపార్టుమెంటు సార్?"

"రా మెటీరియల్. కన్వేయర్లు."

"షట్‌డౌన్ పనులకి కాంట్రాక్టులో వొచ్చేవోడిని సార్ నాను. ఎల్లిరండి. మీది మీరే ఇప్పాల."

గైడు బస్సు మెట్టు మీద నిలబడి ఇదంతా చూస్తోంది. "అన్నా, మీరు కూడా ఏంటి?"

"ట్యాగున్నది ముట్టుకుంటే సెయ్యి ఇరిసేత్తారమ్మా మాకాడ," అన్నాడు డ్రైవరు. మళ్లీ టీ తాగడం మొదలుపెట్టాడు.

గెలిచినవాడిలా బస్సు దిగాను. మా ఆవిడ చేతిసంచీ పట్టుకుని మెట్ల వైపు చూస్తోంది.

"నువ్వు ఆ కుర్సీలో కూకో," అన్నాను. "నీ మోకాళ్లకి అయ్యే పని కాదు. నాను సూసొచ్చి సెప్తాను."

"ఏటి సెప్తారు?"

"పైనేటుందో."

ఆవిడ సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. గొంతు పెంచలేదు.

"కాగితం మీద నా బదులు సంతకం మీరే ఎట్టేసారు. కొండ కూడా నా బదులు మీరే ఎక్కేత్తారేటి?"

వన్ టౌన్ పెద్దాయన అప్పటికే ఒక కుర్చీలో కూర్చుని టిఫిన్ పొట్లం విప్పుతున్నారు. "భాయ్‌సాబ్, ఇంక ఊరుకోండి," అన్నారు.

"మా ఊరు ఈ కొండకి అవతల పక్క," అంది మా ఆవిడ, ఆయనకి చెబుతున్నట్టు. "బెల్లం వొండే రోజుల్లో పొలంలోంచి అగుపడేది. మా అన్నయ్యలు ఎక్కేసి వొచ్చేవోరు. నానూ వొత్తానంటే, నువ్వుండు, మేం సూసొచ్చి సెప్తాం అనేవోరు. ఒక్కడూ సరిగ్గా సెప్పింది లేదు."

ఆవిడ పుట్టిల్లు అనకాపల్లి దగ్గరని నాకు తెలుసు, ఎన్నోసార్లు వెళ్లాను. ఆ ఊరి నుంచి ఈ కొండ కనబడుతుందని గానీ, ఆవిడకు ఈ కొండతో లెక్క తేలని విషయం ఒకటి ఉందని గానీ నాకెప్పుడూ తెలియదు. నలభై ఏళ్లకు పైగా కలిసి బతికాం. ఎవరో నా తరఫున నిర్ణయించారని వారం రోజులుగా మండిపడుతూ, నేను చేసిందీ అదే.

"ఒక ట్యాగు ఇద్దరికి పనికిరాదు. నీది నువ్వే కట్టుకోవాల," అన్నాను.

ఆవిడ చలికి తలకు చుట్టుకున్న స్కార్ఫు విప్పింది. బస్సెక్కి నా తువ్వాలు పక్కన తనే ముడేసింది. నా ముడి కంటే గట్టిది.

"మీరూ రండి," అన్నాను పెద్దాయనతో.

"నేను రాను. నన్నెవరూ వద్దనలేదు, నాకే ఇష్టం లేదు. మా ఇల్లు మేడ మీద. రోజంతా ఎక్కడం, దిగడం. ఈరోజు సెలవు తీసుకున్నా." అని లేచి, తన కుర్చీని కొండ వైపు తిప్పుకుని మళ్లీ కూర్చున్నారు.

ప్లాంటులో ఎత్తయిన కన్వేయర్ గ్యాలరీలు ఎక్కిన అలవాటుతో నాకొక లెక్క ఉంది. ఆయాసం రాకముందే ఆగాలి, వచ్చాక ఆగితే ఆలస్యమైనట్టే. మా ఆవిడ నా లెక్క పట్టించుకోలేదు. ఒక మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, నిలదొక్కుకుని, తర్వాతి మెట్టు. ఎక్కడా ఆగదు, ఎక్కడా తొందరపడదు. నేను వేగంగా ఎక్కి ఆగుతుంటే, ఆగిన ప్రతిచోటా వచ్చి నన్ను కలుస్తోంది.

గుహ దగ్గరికి చేరేసరికి గైడు అందరికీ వివరిస్తోంది. మమ్మల్ని చూసి వాక్యం మధ్యలో ఆగింది. తర్వాత మొదటినుంచి చెప్పింది, కాస్త గట్టిగా, నెమ్మదిగా. మాకోసమే. ఆ మర్యాద నేను మర్చిపోలేదు.

కొండలోనే గది తొలిచారు. స్తంభాలు కొండే, మధ్యలో స్థూపం కూడా కొండే. ఏదీ తెచ్చి అతికించింది కాదు. చుట్టూ ఉన్నది తీసేసి దాన్ని అలా ఉంచేశారు. మా పనిలో తప్పు జరిగితే కోసి, వెల్డింగ్ చేసి సరిదిద్దేవాళ్లం. ఇక్కడ ఒక దెబ్బ ఎక్కువ పడితే అంతే. ఆ ఉలి పట్టినవాళ్లు ఎవరిని అడిగి మొదలుపెట్టారో అనుకున్నాను. మా ఆవిడ స్థూపం చుట్టూ తిరిగి వచ్చి, "అన్నయ్యలు ఇది సెప్పనేలేదు," అంది.

మిగతావాళ్లు పైదాకా వెళ్లి ఫోటోలు తీసుకుని దిగడం మొదలుపెట్టారు. గైడు మా దగ్గర ఆగింది.

"మెయిన్ కేవ్ చూసేశారు అంకుల్. ఇది చాలు. పైన ఇటుకలే. రండి, నెమ్మదిగా దిగిపోదాం."

ఆ మాట వినగానే నా కాళ్లకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. సరేనందామని నోరు తెరిచాను కూడా. వెనక్కి చూస్తే మా ఆవిడ పక్కన లేదు. పైమెట్ల మీద ఉంది. గైడు మిగతావాళ్లను దింపడానికి వెళ్లింది, నేను పైమెట్లు పట్టాను.

మిగిలిన మెట్లు ఎక్కువ లేవు గానీ, అవే నన్ను పడగొట్టబోయాయి. ఒకచోట చూపు తేలిపోయి రాతి మీద కూర్చుండిపోయాను. నాకేమైనా అయితే మా వాడు, గైడు, ట్రావెల్స్ వాళ్లు అందరూ ఒక్కసారిగా సరైనవాళ్లయిపోతారు. నా తర్వాత ఫోన్ చేసే ప్రతి ముసలివాడికీ ఇంకో కాగితం కలుపుతారు. అందుకని చావకుండా కూర్చున్నాను. పద్ధతిగా ఊపిరి తీసుకున్నాను. మా ఆవిడ రెండు మెట్ల పైన గోడ పట్టుకుని నిలబడింది. కూర్చోమనలేదు, లేవమనలేదు, వెనక్కి పోదామనలేదు. నేను లేచాకే మళ్లీ కదిలింది.

పైన నిజంగానే ఇటుకలే. గుండ్రంగా పేర్చిన పాత ఇటుకల స్థూపాలు, వాటి మీద లేత ఎండ. కింద చుట్టూ చెరుకు తోటలు, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఇద్దరం ఒక రాతి అంచున కూర్చున్నాం. ఆవిడ వేలు చాపి అదీ మా ఊరంది. నాకు చెట్లు మాత్రమే కనబడ్డాయి. ఆ వేలు చూపినవైపే చూస్తూ కూర్చున్నాను.

బస్సు హారను మోగలేదు. మేం జనాన్ని కాసేపు ఆపిన మాట నిజమే. వాళ్లు సెల్ఫీలకు ఆగినంత సేపు మేం ఆగి ఉండం.

కాసేపటికి గైడు పరుగున వచ్చింది. ముఖమంతా చెమట, మాట రావడం లేదు.

"ఆంటీ... అందరూ... కింద వెయిటింగ్..."

"కూకోమ్మా," అంది మా ఆవిడ, పక్కకి జరిగి. "రొప్పుతా మాటాడకు, నెప్పొత్తాది. నీళ్లు తాగు ముందు."

ఆ అమ్మాయి కూర్చుంది. నీళ్లు తాగింది. నెలకు నాలుగుసార్లు వస్తాను గానీ ఇక్కడ ఎప్పుడూ కూర్చోలేదు ఆంటీ అని, టోపీ తీసి విసురుకుంటూ తనూ కిందికి చూసింది.

అప్పుడే నా ఫోను మోగింది. మా వాడు.

"నాన్నా, ఎక్కడున్నారు? కూకున్నారా?"

"కూకున్నాం."

"హమ్మయ్య. కిందేనా?"

"పైన."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత, "అమ్మేది?" అన్నాడు.

ఫోను ఆవిడకిచ్చాను.

"ఆఁ, నానూ పైనే... లేదు, ఆయన తీసుకురాలేదు, నానే వొచ్చాను... నీ వీడియో నాకొద్దురా, నాను సూత్తన్నాను కదా." వాడింకా ఏదో అంటున్నాడు. ఆవిడ అననిచ్చింది, వాడి మాట అయ్యేదాకా. "సరే, కోప్పడుదువు గానీ సాయంత్రం రా. ఇప్పుడు దిగి బస్సుకి కట్టిన నా ట్యాగు నానే ఇప్పాల. ఫోన్లో మాటాడతా దిగితే కాలు జారుద్ది."

ఫోను నా జేబులో పెట్టి, గైడు భుజం పట్టుకుని లేచింది.