ఏ కాలం చేసిండు?

కరోనాతో బడులు మూసేసిన రోజులవి. నందికొండలో మా ఇంట్లోనే, మూడో తరగతి చదివే మా పాప శ్రావ్యకు నేనే పంతులమ్మనయ్యాను. కొత్త మాట చెవిన పడితే అర్థం అడగాలి, దానితో ఒక సొంత వాక్యం చెప్పాలి. అదీ మా ఇంటి బడి పద్ధతి. టీవీలో వార్తలు వస్తుంటే పొయ్యి దగ్గరికి ఉరికొచ్చి, "అమ్మా, నిర్ధారణ అంటే ఏంది?" అనేది.

మా ఆయన సాగర్ జలాశయంలో చేపలు పట్టేవారు. ఆయన కరోనా సోకి హైదరాబాద్ దవాఖానలో ఉండగా, దిగులు మరిచిపోవడానికి ఓ పొద్దున పాపకు కాలాలు చెప్పాను. "బాపు చేపలు పట్టిండు, భూతకాలం. పడుతుండు, వర్తమానం. పడతడు, భవిష్యత్తు" అంటూ వేళ్ళు ముడుస్తూ అప్పజెప్పింది.

అప్పుడే ఫోన్ మోగింది. దవాఖాన దగ్గరున్న మా మరిది. బాపు మాట్లాడతాడేమోనని పాప స్పీకర్ నొక్కింది.

"వదినా... అన్న కాలం చేసిండు" అన్నాడు ఏడుస్తూ.

నేను గోడకు జారగిలబడిపోయాను. పాప మాత్రం కొత్త మాట దొరికిన సంబరంతో నా మోకాలు కుదిపింది.

"అమ్మా, బాపు ఏ కాలం చేసిండు? భూతకాలమా, భవిష్యత్ కాలమా?"

అర్థం అడగమని నేర్పింది నేనే. దాన్ని గుండెకు అదుముకుని బావురుమన్నాను.

ఇప్పుడు శ్రావ్య హైస్కూల్లో ఉంది. మీ బాపు ఏం పని చేస్తడని ఎవరైనా అడిగితే, "చేపలు పడతడు" అంటుంది. "పట్టేటోడు" అని దిద్దడానికి నాకు ఇంకా నోరు రావడం లేదు.