ఆయన తీసేసిన ఫోటో

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మా ల్యాబ్ బీరువాలో ఒక అస్థిపంజరం వేలాడుతూ ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి జంకితే, దాని చెయ్యి పట్టుకుని వేళ్ల ఎముకల పేర్లు చెప్పించడం నా అలవాటు. ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా ఆ బీరువా తలుపు తీస్తుంటే నాకు గుండె ఝల్లుమనలేదు. మనిషి పోతే పోయినట్టే అనుకునేదాన్ని. మా ఆయన దినాల్లో పిండం కాకి ముట్టలేదని బంధువులంతా గోల చేస్తుంటే, "దానికి కడుపు నిండి ఉంటదిలే" అన్నాను. ఆ మాటకు మా అత్తగారు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

కాబట్టి నేను రాస్తున్నది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయన పేరు మాధవ్. ఎరువుల కంపెనీలో పని. అప్పుడు మిర్యాలగూడలో ఉండేవాళ్లం. హాలియా, వాడపల్లి వైపు ఊళ్లన్నీ బండి మీద తిరిగేవారు. ఎక్కడికి పోయినా మెడలో ఒక చిన్న డిజిటల్ కెమెరా. నాట్లు వేసే ఆడవాళ్లు, మిల్లుల ముందు బారులు తీరిన వడ్ల ట్రాక్టర్లు, వాన పడ్డ రోడ్డు, అన్నీ తీసేవారు. ఇంటికి వస్తే నా ఫోటోలు తీసేవారు. మాకు పిల్లలు లేరు, ఇంట్లో తీయడానికి ఇంకెవరున్నారు?

కెమెరా మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. "లెన్స్ మీద వేలు పెడ్తరు" అనేవారు. నేను అడిగినా అదే మాట. నాకూ పెద్దగా సరదా లేదు, అందుకే రెండోసారి అడగలేదు.

ఫోటోలు దాచడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ నెలవి ఆ నెల హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఊరి పేరు, పండగ పేరు పెట్టి విడివిడిగా సర్దేవారు. అవే మళ్లీ డీవీడీల్లోకి ఎక్కించి, కోదాడలో మా చెల్లెలు లలిత ఇంట్లో పెట్టి వచ్చేవారు. "అన్ని ఒక్క ఇంట్లనే పెడితే ఎట్ల సుజాతా? రేపు గీ ఇంటికేమన్న అయితే?" అనేవారు. ఒక్క ఫోటో కూడా తీసేసేవారు కాదు. నేను కళ్లు మూసుకున్నవి, చెయ్యి కదిలి మసకబారినవి, పొరపాటున నేలను తీసినవి కూడా ఉండాల్సిందే. "ఖరాబైందని ఇప్పుడంటవ్. రేపు అదే కావాలనిపిస్తది."

మూడేళ్ల క్రితం ఆయన గుండెపోటుతో పోయారు. పొద్దున టిఫిన్ తిని బండి స్టార్ట్ చేస్తూ అక్కడే కూలబడ్డారు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది.

మూడో రోజు ఫ్రేము కట్టించడానికి ఫోటో కావాలన్నారు. హార్డ్ డిస్క్ పెట్టి వెతికాను. వేల ఫోటోలున్నాయి. ఆయనది ఒక్కటి లేదు. ఎవరి పెళ్లిలోనో గుంపులో సగం ముఖం, బండి అద్దంలో ఒక భుజం, అంతే. చివరికి ఆఫీసు గుర్తింపు కార్డు మీది ఫోటోను పెద్దది చేయించాం. అందులో ఆయన ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి వచ్చినట్టు ఉంటారు. ఇప్పటికీ మా గోడ మీద ఉన్నది అదే.

ఆ తర్వాత నేను సూర్యాపేటకు మారాను. కాలేజీకి దగ్గరలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాను. పక్కవాళ్లు మంచివాళ్లే. కానీ సెలవు రోజు మధ్యాహ్నం అన్నం తిని గిన్నె కడిగేశాక ఇంట్లో చప్పుడు పూర్తిగా ఆగిపోయేది. అప్పుడు లాప్‌టాప్ తీసి ఫోటోలు చూసేదాన్ని. నేను వంట చేస్తున్నాను, నేను జడ వేసుకుంటున్నాను, నేను సాగర్ కట్ట మీద నిలబడి ఉన్నాను. ప్రతి దాంట్లోనూ ఎవరినో చూసి నవ్వుతున్నాను. ఆ ఎవరో ఫోటోలో లేరు. కాసేపు చూశాక మూసేసేదాన్ని. మళ్లీ సెలవు రాగానే తెరిచేదాన్ని.

కిందటి ఏడు బస్టాండులో బస్సు దిగుతూ మెట్టు తప్పి పడ్డాను. ఎడమ కాలు విరిగి రాడ్ వేశారు. అప్పటినుంచి చేతికర్ర లేకుండా నడవలేను. వంకీ పిడి ఉన్న అల్యూమినియం కర్ర అది. రెండు చేతులతో ఏదైనా పట్టుకోవాల్సి వస్తే దాన్ని మోచేతికి తగిలించుకుంటాను.

ఈ వానాకాలం మొదట్లో హార్డ్ డిస్క్ టక్, టక్ మని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఫోటోలు సగం తెరుచుకుని ఆగిపోయేవి. మా చెల్లెలి భర్త ప్రసాద్‌కు కోదాడలో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. ఫోన్ చేస్తే, "వదినా, దాన్ని మళ్లీ పెట్టొద్దు. అట్లాగే తీసుకురండి" అన్నాడు. మర్నాడే బస్సెక్కాను. డిస్క్‌ను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

ప్రసాద్ దాన్ని రెండు రోజులు తన దగ్గర పెట్టుకుని, ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఉన్నవన్నీ కొత్త డిస్క్‌లోకి లాగాడు. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నం లలిత, నేను షాపుకు అన్నం తీసుకుపోయాం. దాదాపు అన్నీ వచ్చాయని చెప్పి ప్రసాద్ ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. లలిత నా పాత చీరలు గుర్తుపట్టి నవ్వుతోంది.

వాడపల్లి ఫోటోలు వచ్చాయి. పదేళ్ల పైమాట. కార్తీకంలో ఇద్దరం సంగమానికి పోయాం. నేను ఆవపువ్వు రంగు చీరలో మెట్ల మీద, నేను నీళ్లలో దీపం వదులుతూ, ఒక నాటు పడవ, గుడి గోపురం. ఇవన్నీ నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ప్రసాద్ మీట నొక్కాడు. మాధవ్ వచ్చారు.

అవే మెట్లు. అదే సాయంత్రపు ఎండ. నీలం గళ్ల చొక్కా, భుజానికి నా హ్యాండ్‌బ్యాగు. మెడలో కెమెరా కేసు తెరుచుకుని, ఖాళీగా వేలాడుతోంది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి నిండుగా నవ్వుతున్నారు.

నేను ఆ ఫోటో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మూడేళ్లుగా నేను వెతికింది అలాంటి దానికోసమే.

"బావ ఎంత మంచిగున్నడక్కా!" అంది లలిత. "నువ్వే తీసినవా?"

లేదన్నాను. ఆ రోజు నేను కెమెరా ముట్టుకోలేదు.

అప్పుడు ప్రసాద్ ఫోటో కింది భాగాన్ని పెద్దది చేశాడు. సూర్యుడు ఫోటో తీసిన మనిషి వెనక ఉన్నాడు. ఆ మనిషి నీడ ఆయన కాళ్ల దాకా మెట్ల మీద పడింది. ఆడమనిషి నీడ. చీర కొంగు, ముడి వేసిన జుట్టు, ముఖం దగ్గరికి ఎత్తిన రెండు చేతులు తెలుస్తున్నాయి. ఎడమ మోచేతి నుంచి సన్నగా, నిటారుగా ఒక గీత కిందికి దిగింది. పైన వంకీ తిరిగి ఉంది.

లలిత ముందు అర్థం చేసుకుంది. తెరను వదిలి నా మోచెయ్యి వంక చూసింది. క్యారియర్ పట్టుకోవడానికి నేను కర్రను అక్కడే తగిలించుకుని ఉన్నాను.

బయట విజయవాడ బస్సు హారన్ కొడుతోంది. ప్రసాద్ ఫోటోను మళ్లీ చిన్నది చేసి, "ఎవరో ముసలావిడ అయ్యుంటుంది వదినా. అన్నయ్య ఆమె చేతికి కెమెరా ఇచ్చి ఒకటి తీయమని అడిగుంటాడు" అన్నాడు.

అయ్యుండవచ్చు. కానీ కన్నతల్లి చేతికే కెమెరా ఇవ్వని మనిషి, రేవులో ముక్కూముఖం తెలియని ముసలమ్మకు ఇచ్చారా?

ఈ ఫోటో నాకు ఇంతకుముందు ఎందుకు కనిపించలేదని అడిగాను. ప్రసాద్ వెతికి చూసి చెప్పాడు. "ఇది డిలీట్ చేసిన ఫోటో వదినా. ఈ సాఫ్ట్‌వేర్ అట్లాంటివి కూడా పైకి తెస్తుంది. మిగతా వాటితోపాటే కెమెరాలోంచి ఎక్కించారు. తర్వాత అన్నయ్యే తీసేసుంటాడు."

లలిత ఇంటికి పోయి ఆ ఏటి డీవీడీ తెచ్చింది. కెమెరా ప్రతి ఫోటోకూ వరసగా నంబరు వేస్తుంది. వాడపల్లి ఫోటోల్లో మధ్యలో ఒక నంబరు తప్పిపోయి ఉంది. ఈ ఫోటోది సరిగ్గా ఆ నంబరే. అంటే ఎవరో ఇప్పుడు తయారుచేసి పెట్టింది కాదు. ఆ రోజు తీసిందే. నేలను తీసిన ఫోటోలు కూడా దాచుకున్న మనిషి, తను ఉన్న ఒకే ఒక్క మంచి ఫోటోను తీసేశారు. ఇంకేమైనా తీసేశారేమోనని ప్రసాద్ మొత్తం వెతికాడు. ఇంకొకటి లేదు.

ఆ రాత్రి లలిత నన్ను తన పక్కనే పడుకోబెట్టుకుంది. తెల్లవారి ఇడ్లీ తింటుండగా నాకు ఒక మాట గుర్తొచ్చింది. ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి. జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుందని నాకు తెలుసు. ఫోటో చూసిన తర్వాత నా బుర్ర కల్పించిందేమో కూడా. అయినా చెబుతాను.

ఆ రోజు వాడపల్లిలో దీపం వదిలాక నేను అర్చన కోసం పైకి గుడికి పోయాను. ఆయన కిందే ఉన్నారు. వరుస పెద్దగా ఉండి చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చి ఆయన్ని పిలిస్తే ఉలిక్కిపడి చూశారు.

"ఇప్పుడే పైకి పోతివి గదా. మళ్ల దిగినవా? కాలు ఎట్లుంది?"

"నా కాలుకేమైంది?" అన్నాను.

ఆయన నా పాదాల వంక చూశారు. తర్వాత పైకి, గుడి మెట్ల వైపు చూశారు. "ఏం లేదు తియ్యి. ఎండకు నాకే ఏదో అయింది" అన్నారు. మిర్యాలగూడ చేరేదాకా బండి మీద ఒక్క మాట మాట్లాడలేదు. నేను ప్రసాదం తినమంటే తిన్నారు. అంతే.

సూర్యాపేటకు తిరిగి రాగానే ఫోటోను మూడు చోట్ల దాచాను. కొత్త డిస్క్‌లో ఒకటి, లలిత ఇంట్లో ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి. పాస్‌వర్డ్ లలితకు కూడా చెప్పాను. ప్రింటు మాత్రం వేయించలేదు. వేయించాలని ఒకసారి స్టూడియో దాకా పోయాను. కౌంటర్ దగ్గర అబ్బాయి, "ఆ నీడ తీసెయ్యాల్నా మేడం?" అని అడిగాడు. పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చేశాను.

దసరా సెలవుల్లో వాడపల్లి పోయాను. లలిత తనూ వస్తానంది కానీ వద్దన్నాను. ఆయన పాత కెమెరాకు ప్రసాద్ కొత్త బ్యాటరీ వేసి ఇచ్చాడు. మిర్యాలగూడలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. మేము ఉన్న వీధి మీదుగా పోనిమ్మని చెప్పలేదు.

ఎండ వాలుతుండగా రేవులోకి దిగాను. బట్టలు ఉతుకుతున్న ఒకామె, "జర పైలం అమ్మా, పాకురు పట్టింది" అని లేచి వచ్చి చెయ్యి అందించింది. ఫోటోలోని చోటు వెతుక్కున్నాను. రెండు మెట్ల అంచు విరిగి ఉండడం గుర్తు. అక్కడికి కొంచెం పైన నిలబడి, కర్రను మోచేతికి తగిలించుకుని, కెమెరా ఎత్తాను.

ఎదురుగా ఎవరూ లేరు. నీళ్లు, అవతలి గట్టు. ఉతికే ఆమె తన పనిలో పడింది.

చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఒకవేళ ఆ రోజు వచ్చింది నేనే అయితే, ఆయనతో ఏమైనా అని ఉంటానా? సిగరెట్లు మానెయ్యమని, డాక్టరుకు చూపించుకోమని చెప్పి ఉంటానా? చెప్పి ఉంటే విన్నారా? అదంతా అప్పుడు తోచింది. కానీ నోరు పెగల్లేదు. చివరికి కాలు నొప్పి పుట్టి, మీట నొక్కి, పైకి వచ్చేశాను.

నేను తీసిన ఫోటోలో ఖాళీ మెట్లు, నా నీడ ఉన్నాయి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ప్రసాద్‌కు చూపించాను. రెండు నీడల వంకా మార్చి మార్చి చూసి, "ఇట్లాంటివి నాకు తెలియదు వదినా" అన్నాడు.

నాకూ తెలియదు. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. పిల్లలు అడిగితే లేవనే చెబుతాను. ఆ నీడ ఏ ముసలమ్మదో అని ఎవరైనా అంటే వాదించను కూడా. ఆయన దాన్ని ఎందుకు తీసేశారో, నాకెందుకు చెప్పలేదో అడగడానికి మనిషి లేరు.

ఒక్కటి మాత్రం చెప్పగలను. పద్దెనిమిదేళ్లు ఆయనతో కాపురం చేశాను. ముక్కూముఖం తెలియనివాళ్లను చూసి ఆయన ఎలా నవ్వుతారో నాకు తెలుసు. ఆ ఫోటోలో ఉన్నది ఆ నవ్వు కాదు.