నైట్ షిఫ్టు గిటార్లు

గిటారు కొనడం పెద్ద కష్టం కాదు. కొన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది అసలు కష్టం. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు.

ఎనభైల చివర్లో గోదావరిఖనిలో మేమున్న కంపెనీ క్వార్టర్‌లో ఒక అర్ర, ఒక వంటగది, ముందు చిన్న వరండా ఉండేవి. వాటిలో బాపు, అమ్మ, బాపును కన్న అవ్వ, డిగ్రీ పూర్తిచేసి చాలా తీరిగ్గా ఉన్న నేను. మంచం ఒక్కటే. అది బాపుది. బొగ్గుబాయిలోకి దిగే మనిషికి మంచం, డిగ్రీ చదివిన మనిషికి చాప అని మా ఇంట్లో ఎవరూ రూలు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు.

గిటారు వచ్చిన కొద్దిరోజులకే దాని వెనక బేస్ గిటారు కూడా వచ్చింది. అది నా దోస్తుది. వాళ్ళ నాయనకు బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. దోస్తు అందులోనే పనిచేస్తూ, సాయంత్రాలు నాతోపాటు ఊళ్ళోని ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. వాళ్ళింట్లో మనుషులు మా ఇంట్లోకంటే ఎక్కువ, జాగా మా ఇంట్లోకంటే తక్కువ. అందుకని బేస్‌ను షెడ్డులో పెట్టాడు. వాళ్ళ నాయన దాన్ని చూసి సంతోషించి, తీగలు బిగించే కీలకు క్లచ్ వైర్లు తగిలించుకున్నాడు. పైన ఒక పాత ట్యూబు కూడా వేలాడదీశాడు. గ్రీజు సంగతి చెప్పను.

"భాయ్, గాడ ఇంకో నెల ఉంటె గది బేస్ గాదు, స్పేర్ పార్ట్ అయితది" అని దోస్తు దాన్ని మా ఇంటికి మోసుకొచ్చాడు. నిండు చెక్కతో చేసింది కాబట్టి బియ్యం మూటంత బరువుంది. ఆర్కెస్ట్రాలో ఎవడి వాయిద్యం వాడే తెచ్చుకోవాలి. వాయిద్యం పాడైతే ఆ రోజునుంచే వాడు ప్రేక్షకుడు. మా ఇద్దరికీ ప్రేక్షకులుగా మారే ఉద్దేశం లేదు.

మొదట గోడకు మేకు కొట్టి నా గిటారును తగిలించాను. చూడటానికి బాగుంది. కానీ మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు గనిలో రాళ్ళు పేల్చే బ్లాస్టింగు జరుగుతుంది. అప్పుడు మా క్వార్టర్ల లైనంతా ఒకసారి ఒళ్ళు విరుచుకుంటుంది, గిన్నెలు గలగలమంటాయి. ఆ రోజు గిన్నెలతోపాటు గిటారు ఆరు తీగలూ మోగాయి. నైట్ షిఫ్టు చేసొచ్చి అప్పుడే కునుకు పట్టిన బాపు లేచి కూర్చున్నాడు.

"ఎవడ్రా గిది వాయించింది?"

"కంపెనీ, బాపూ" అన్నాను. నిజమే చెప్పాను కానీ ఆయనకు నచ్చలేదు.

తర్వాత సజ్జమీద, మామిడికాయ తొక్కు జాడీల పక్కన పెట్టాను. మా దిక్కు ఎండాకాలం కప్పు కింద వేడి ఎంతంటే, గిటారు జిగురు ఊడి ముక్కలవుతుందేమోనని నేను భయపడుతుంటే, తొక్కుకు వాసన పడుతుందేమోనని అమ్మ భయపడింది. ఆమె భయమే గెలిచింది. మంచం కింద ట్రంకు పెట్టె, ఇత్తడి బిందెలు, పొయ్యిలోకి బొగ్గు బస్తా ఉన్నాయి. ఆ బొగ్గుపొడిలో ఒక్కరోజు పెడితే గిటారు కూడా డ్యూటీ దిగి వచ్చినట్టు అయింది. చివరికి రెండింటినీ తలుపు వెనక నిలబెట్టాను. తలుపు తీసిన ప్రతివాడూ ఒక రాగం వాయించి లోపలికి వచ్చేవాడు.

ఒకరోజు బాపు తలుపు తీస్తే బేస్ ఆయన కాలిమీద పడింది.

ఆయన అరవలేదు. కుంటుతూ పోయి మంచం మీద కూర్చుని, కాలు పట్టుకుని, ఆలోచించి మాట్లాడాడు. "గిన్నేండ్లు బాయిల దిగినా నా మీద కప్పు గూలలె. ఇంట్ల గూలింది."

"అది బేస్, బాపూ."

"ఏదైతేంది. సోమారం నుంచి నాకు నైట్ షిఫ్టు. గప్పట్లోపు గివ్విటిని ఎవలకు తగులకుంట, సప్పుడు గాకుంట పెడ్తె పెట్టు. లేకుంటె రెండూ షెడ్డుకే."

షెడ్డు అనగానే నా గిటారు మెడకు కూడా ట్యూబు వేలాడుతున్నట్టు కనిపించింది.

మర్నాడు బాపు పొద్దుటి మొదటి షిఫ్టుకు పోయాక మంచం ఖాళీగా ఉంది. రాత్రుళ్ళు ఎట్లాగో నా చాప మీదే వాటిని గోడవైపు పడుకోబెట్టుకునేవాణ్ణి. అందరూ పడుకున్నాక తన్నేవాళ్ళు ఉండరు. చిక్కంతా పగలే. అందుకని ఆ పూటకు రెండింటినీ మంచం మీద పక్కపక్కన పెట్టి, మెడల కింద దిండు దోపి, దుమ్ము పడకుండా బాపు దుప్పటి నిండా కప్పి షెడ్డుకు వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఇల్లు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. వంటగదిలో అమ్మ చేటలో బియ్యం కూడా మెల్లగా చెరుగుతోంది. గడపలో కూర్చున్న అవ్వ నన్ను చూసి నోటిమీద వేలు పెట్టింది. అవ్వకు అప్పటికే చూపు తక్కువ.

"మెల్లగ రా. పండుకున్నడు."

"ఎవలే అవ్వా?"

"మనుమడు."

"నేను గీడున్న గదనే."

అవ్వ నన్ను దగ్గరికి పిలిచి, మొఖం తడిమి చూసి, లోపలికి చూసింది. "మరి గాడెవడు?" అంది. అయినా గొంతు మాత్రం పెంచలేదు.

బొగ్గు ఊళ్ళలో పెరగనివాళ్ళకు ఇది చెప్పాలి. మా లైన్లో పగటిపూట ఎవరైనా దుప్పటి కప్పుకుని పడుకున్నారంటే నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషని అర్థం. అతణ్ణి లేపకూడదు. పిల్లలు గోలీలాట పక్క లైన్లోకి మార్చుకుంటారు. రేడియో గొంతు తగ్గిపోతుంది. కొట్లాడుకునేవాళ్ళు కూడా వరండా దిగి దూరంగా పోయి కొట్లాడుకుంటారు. ఆ అర్రలోకి ఎవరూ అడుగుపెట్టరు. లోకంలో గిటారుకు ఇంతకంటే భద్రమైన జాగా ఉంటుందని నేననుకోను. పైగా పరుపు మీద పడుకున్న గిటారు బ్లాస్టింగుకు మోగదు.

అప్పటినుంచి బాపు డ్యూటీకి పోగానే గిటార్లను పడుకోబెట్టడం, ఆయన వచ్చేలోపు లేపడం నా పనైంది. డిగ్రీ అయ్యాక నేను సమయానికి చేసిన మొదటి పని అదే.

ఒక్కటే పొరపాటు జరిగింది. మా లైన్లో పగలు పడుకున్నవాడంటే నౌకరి ఉన్నవాడని కూడా అర్థం. పక్కింటి అత్త కిటికీలోంచి రెండు మూడు రోజులు ఆ దుప్పటిని చూసి అమ్మను చెవిలో అడిగింది.

"వదినా, పిల్లగాడు డ్యూటీల జేరిండా ఏంది? ఒక్క మాట గూడ చెప్పకపోతివి."

అమ్మకు గిటార్ల కథ అంతా చెప్పడం బరువనిపించింది. "ఆఁ, ఏదో…" అంది. మా వైపు ఉద్యోగంలో చేరడానికి అంతకంటే పెద్ద ఆర్డరు అక్కర్లేదు.

శనివారం నాడు నేనూ దోస్తూ షెడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి వరండాలో ఒక ముసలాయన చాయ్ తాగుతున్నాడు. పక్కన అత్త. ఆయన బెల్లంపల్లిలో బాయి పనిచేసి రిటైరైన మనిషి, అత్తకు మేనమామ, మనుమరాలికి సంబంధం చూడటానికి వచ్చాడని అమ్మ సైగలతో చెప్పింది. ఆ సైగల్లో కొన్ని నన్ను తిట్టేవి కూడా ఉన్నాయి.

నేను నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పులు మెల్లగ ఇడువుర్రి బిడ్డా. లోపట నైట్ చేసొచ్చిన పిల్లగాడు." మళ్ళీ మెడ సాచి అర్రలోకి చూసి మెచ్చుకున్నాడు. "మంచి పొడుగున్నడు. భుజాలు గూడ గట్టిగున్నయ్."

దోస్తు నా చెవిలో గర్వంగా అన్నాడు, "గది నా బేస్, భాయ్."

"ఈళ్ళెవలు? తమ్ములా?" అని ముసలాయన అమ్మను అడిగాడు. అమ్మ కప్పు వైపు చూసింది. "ఔ తాతా" అని దోస్తు ఆమెను ఆదుకున్నాడు.

నేను లోపలికి జారుకుని గిటార్లను వంటగది వైపు తీసుకుపోదామంటే ముసలాయన కదలనివ్వలేదు. "లేపకు. ఆని నిద్ర ఆన్ని పోనియ్. నేను ఆగుత" అన్నాడు. ఆయన ఆగాడు. బాపు షిఫ్టు దిగే సమయం ఆగలేదు.

బాపు వచ్చాడు. కనుబొమ్మల్లో ఇంకా బొగ్గు ఉంది, ఒళ్ళు మంచాన్ని వెతుక్కుంటోంది. ముసలాయన లేచి, ఇంటివాడికి ఇంటి సంగతి గుసగుసగా చెప్పాడు. "సప్పుడు జెయ్యకు తమ్మీ. నీ కొడుకు పండుకున్నడు."

బాపు నన్ను చూశాడు. తర్వాత మంచం మీది దుప్పటిని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. షెడ్డు, గ్రీజు, క్లచ్ వైర్లు అన్నీ నా కళ్ళముందు వరసగా వచ్చి నిలబడ్డాయి. దోస్తు కళ్ళు మూసుకున్నాడు.

బాపు వంగి బూట్లు చేత్తో విప్పుకున్నాడు. మునివేళ్ళ మీద అర్రలోకి పోయాడు. మూలనున్న నా చాపను చప్పుడు కాకుండా మంచం పక్కన పరిచి, గిటార్ల వైపు వీపు పెట్టి పడుకున్నాడు.

కాసేపటికి లోపలినుంచి బాపు మాట, తగ్గించిన గొంతుతోనే, వినిపించింది.

"కాకా, నా కొడుకు నీ పక్కనే నిలవడ్డడు. ఆనికింక నౌకరి లేదు. మంచం మీదియి గిటార్లు."

ముసలాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. మంచం మీదివాణ్ణి చూసినప్పుడున్న వెలుగు ఆ మొఖంలో లేదు. "రెండా?" అని గుసగుసగా అడిగాడు.

"రెండు" అన్నాను.

"సరే, లేపకుర్రి మరి" అని మిగిలిన చాయ్ తాగి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. అత్త ఆయన వెనకే పోయింది. కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు గానీ రేడియో మాత్రం తగ్గించే పెట్టింది.

పొద్దుగూకే వేళకు బాపు లేచాడు. నేనే ముందు నోరు విప్పాను. "రేపే షెడ్డుకు తీస్కపోత బాపూ."

"ఎందుకు?"

"సోమారం నుంచి నీకు నైట్ గద. పొద్దంత మంచం నీకే కావాలె."

బాపు ముంజేతి మీద పడిన చాప అచ్చులు చూసుకున్నాడు. "గింతసేపు కింద పండుకున్న. ఒక్కడన్న అర్రల కాలు వెట్టిండా?"

"పెట్టలె."

"నేను మంచం మీద పండుకుంటె గవ్విటిని కింద చాప మీద పండుకోబెట్టు. రాత్రి నేను బాయిల ఉంట, మంచం ఖాళీయేనాయె. గవ్విటినే ఎక్కించు."

"నేను రాత్రి మంచమెక్కొద్దా?" అన్నాను, అడిగి చూద్దామని.

"నీకు డ్యూటీ ఉన్నదా?" అన్నాడు బాపు.

అవ్వ గడపలోంచి తన మాట కలిపింది. "గవి గురక గూడ పెట్టయ్ రా. నీకన్న నయం."

సోమవారం బాపు నైట్‌కు పోయాడు. నేను గిటార్లను మంచమెక్కించి దుప్పటి కప్పి, కింద నా చాప మీద పడుకున్నాను. పొద్దున ఆయన వచ్చిన అలికిడికి లేచేసరికి, మంచం పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను పిలవలేదు. దుప్పటి అంచు మెల్లగా ఎత్తి, దిండు మీద తలపెట్టుకున్న బేస్‌తో అంటున్నాడు.

"లేవుర్రి, లేవుర్రి. షిఫ్టు మారింది."