అమ్మమ్మ కట్టుడు పళ్ళు, నా క్లిప్పులు

జూలై 14, సోమవారం. పొద్దున్నే అద్దంలో చూస్తే పెదవి లోపల రెండు తెల్లటి పుళ్ళు! పళ్ళకు వేయించుకున్న కొత్త క్లిప్పులు ఒరుసుకున్నాయి. రేపు స్కూల్ అసెంబ్లీలో నేను రాసిన వ్యాసం చదవాలి.

అమ్మ ఇచ్చిన ఉప్పునీళ్ళ గ్లాసు చూడగానే బంటుమిల్లి అమ్మమ్మ గుర్తొచ్చింది. మీ ఇళ్ళలోనూ కట్టుడు పళ్ళు నానేసే గ్లాసు ఉండేది కదా? ఆ పళ్ళు కొత్తల్లో ఆవిడ చిగుళ్ళు ఒరిసేశాయి. అయినా చర్చిలో బైబిల్ చదివే వంతు వదులుకోలేదు. వారమంతా ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ, నన్నెదురుగా కూర్చోబెట్టుకుని చదివేది.

"అవి తీసేసి చదవొచ్చుగా అమ్మమ్మా?"

"తీస్తే మాటంతా గాలికి పోద్దే పిల్లా. నువ్వు విను. ఏ మాట నలిగిందో చెప్పు."

రేపు ఐదింటికే లేస్తాను. పుక్కిలించి, ఒరుసుకోకుండా పళ్ళ డాక్టరు గారిచ్చిన మైనం క్లిప్పుల తీగకు అద్ది, అమ్మమ్మకు ఫోన్లో వ్యాసమంతా చదువుతాను. ఏ మాట నలిగిందో ఆవిడే చెప్పాలి.