కాలనీ బోరు, మే నెల అంకె

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, సరిగ్గా అదే జరిగింది. ఇబ్రహీంపట్నం పక్క మా ఊళ్లో, బడిలో మధ్యాహ్న భోజనం వండే రేణుకమ్మ మూడేళ్లపాటు నెలనెలా బోర్లన్నీ తిరిగింది. సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగును బట్టి ఫ్లోరైడ్ ఎంతో పుస్తకంలో రాసింది, అడిగినవాళ్లకు చెప్పింది. ఆ పని అప్పజెప్పిన యూనివర్సిటీ ప్రొఫెసర్ అంకెలు పట్టుకుపోయి వ్యాసం అచ్చేసుకున్నాడు. అందులో ఆమె పేరు లేదు. డబ్బు కడితే తప్ప ఆ వ్యాసం తెరుచుకోదు. "మా నీళ్ల సంగతి మాకు జెప్పు సారూ" అని ఫోన్ చేస్తే, "నీకర్థం కాదులేమ్మా" అన్నాడట.

నాకు ఒళ్లు మండింది. పరిశోధన ఏదైనా జనం ముందు పెట్టాలని తిరిగే విద్యార్థులం మేం పదిమందిమి. ఆమె పుస్తకం మొత్తం ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా పెడతామన్నాను. సంబరంగా తెచ్చిచ్చింది. వ్యాసం కూడా ఎలాగో సంపాదించి తెలుగులో చదివి వినిపించాను. "వేసవిలోనూ కాలనీ బోరు నీళ్లు తాగొచ్చు" అన్న చోట ఆమె మొహం పాలిపోయింది.

"ఆపు. మే నెలల నేను గాడికి పోనేలే. ఊరవతలుంటది, ఎండకు పోబుద్ధి గాలే. ఏప్రిల్ అంకెనే మల్ల ఎక్కించిన. మూడేండ్లూ గంతే."

నల్లా రాని వేసవిలో కాలనీకి ఆ బోరే దిక్కు. అది తెలిసి కూడా సిగ్గులేకుండా అన్నాను: "గా మూడు అంకెలు తీసేద్దాం అక్కా. ఎవలకు ఎరుకైతది?"

రేణుకమ్మ పుస్తకం లాక్కుంది.

"దాసిపెట్టిండనే గద ఆ సార్‌ను తిట్టినవ్? మరి నువ్వేంది?"

మూడు అంకెలకూ సున్నా చుట్టి, పక్కన 'చూడలేదు, నేనే వేసిన' అని రాసి సంతకం పెట్టింది. అది మే నెలే. మందు డబ్బా తీసుకుని మిట్టమధ్యాహ్నం కాలనీకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. గులాబీ రంగు నిలవాల్సిన నీళ్లు పసుపు తిరిగాయి. ఫ్లోరైడ్ హద్దుకు రెట్టింపు ఉంది.

బోరు దగ్గర బిందె నింపుకుంటున్న యశోదమ్మకు రేణుకమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. యశోదమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది.

"మంచి నీళ్లని నువ్వు జెప్తేనే గద, మూడేండ్ల సంది నా మనుమరాలికి గివే తాపిన!"

రేణుకమ్మ తల దించుకోలేదు.

"తిట్టు యశోదక్కా, ఎంతనన్న తిట్టు. ముందుగాల ఆ బిందె పారబొయ్యి."